విశాఖ వేడి: కొండలు తవ్వడం వల్లా, పడమటి గాలి వల్లా?

యాంకర్: నమస్కారం. ఈరోజు చర్చలో ముగ్గురికీ సమాన సమయం. సార్, సూటిగా అడుగుతున్నా, రుషికొండ తవ్వకపోతే విశాఖలో ఇంత వేడి ఉండేదా?

వాతావరణ శాస్త్రవేత్త: రుషికొండ పక్కన పెట్టండి. ఊరు 40 దాటే రోజు ఎలా వస్తుందో చూద్దాం. మామూలుగా పది, పదకొండు గంటలకల్లా సముద్రపు గాలి లోపలికొచ్చి వేడికి కళ్లెం వేస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు అది తీరం దాటి రాలేదు. పైగా ఈ పొడి గాలి తూర్పు కనుమలు దిగేటప్పుడు ప్రతి 100 మీటర్లకు దాదాపు 1 డిగ్రీ వేడెక్కుతుంది.

పర్యావరణ కార్యకర్త: కొండ మీద చెట్లు పోతే...

శాస్త్రవేత్త: ఒక్క నిమిషం అమ్మా. సముద్రపు గాలి మధ్యాహ్నం రెండుకొస్తే అప్పటికే నష్టం జరిగిపోయింది.

యాంకర్: అంటే కొండలకు సంబంధమే లేదా?

శాస్త్రవేత్త: ఎందుకు లేదు? ఉత్తరాన కైలాసగిరి వరుస, దక్షిణాన యారాడ వరుస. మధ్యలో ఎయిర్‌పోర్టు, పరిశ్రమలు. సముద్రపు గాలి అక్కడికి సరిగా అందదు. అందుకే అక్కడి గరిష్ఠ ఉష్ణోగ్రత ఒడ్డున ఉన్న వాల్తేరు కంటే ఎక్కువగా నమోదవడం మామూలే. రుషికొండ అంటారా, అది ఒడ్డున ఉన్న చిన్న కొండ.

కార్యకర్త: చిన్నదైతే తవ్వేయొచ్చా? 2014 హుద్‌హుద్‌ తుఫానుకి పోయిన చెట్ల నీడే ఇంకా...

శాస్త్రవేత్త: నీడ వీధిని చల్లబరుస్తుంది, కాదనను. పడమటి గాలిని మాత్రం ఆపదు.

టౌన్ ప్లానర్: నాకో మాట. బీచ్ రోడ్డుకు సమాంతరంగా పొడవాటి టవర్లు వరసగా కడితే సముద్రపు గాలికి అవే గోడ. సన్నటి వైపు సముద్రానికి పెట్టి, మధ్యలో ఖాళీలు వదలాలి. సముద్రం నుంచి లోపలికొచ్చే రోడ్లను మూయకూడదు. చలికాలంలో ఇంకో బెడద, రాత్రి చల్లగాలి కిందే పేరుకుపోతే పొగ ఆ రెండు వరుసల మధ్య...

యాంకర్: మళ్లీ కొండలే! చూశారా, రుషికొండ...

శాస్త్రవేత్త: కాదండీ! మార్చి, ఏప్రిల్ సంగతి ఎవరూ చెప్పరు. నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపు, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది. దాని చోటులోకి అడుగునున్న చల్లనీరు వస్తుంది. ఆ నీటి మీదుగా వచ్చే సముద్రపు గాలి ఇంకా చల్లగా ఉంటుంది.

యాంకర్: ప్రేక్షకులు ఫోన్‌లో 43 చూపిస్తోందంటున్నారు సార్!

శాస్త్రవేత్త: అది 'ఫీల్స్ లైక్' అయి ఉంటుంది. 32 డిగ్రీలకు 75 శాతం తేమ తోడైతే ఒంటికి దాదాపు 43లా ఉంటుంది. థర్మామీటరు 32 దగ్గరే ఉంటుంది. తీరంలో వడగాలి ప్రకటించాలంటే గరిష్ఠం కనీసం 37 ఉండాలి, సాధారణం కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుండాలి.

కార్యకర్త: ఆ లెక్కన ఉక్కపోతతో పడిపోయే కూలీ మీ లెక్కలోకే రాడు!

ప్లానర్: అది నిజమే, రాత్రిపూట కూడా కాంక్రీటు...

శాస్త్రవేత్త: ఉక్కపోత వేరు, వడగాలి వేరు. మొదటిది సముద్రం, రెండోది పడమటి గాలి. కలిపేయకండి.

కార్యకర్త: రెండూ పడేది ఒకే ఒంటి మీద!

యాంకర్: సమయం అయిపోయింది. సార్ చెప్పినదాన్ని బట్టి పడమటి గాలే అసలు కారణం. అయినా రుషికొండ ప్రశ్న మిగిలే ఉంది...

శాస్త్రవేత్త: మిగల్లేదండీ, ఎయిర్‌పోర్టు రీడింగులు తీసి...

యాంకర్: బ్రేక్ తర్వాత కలుద్దాం.