నారోబోటు మీదికి చుట్టాలు వస్తున్నారా? ముందు ట్యాంకులు చూసుకోండి

(తెర మీద: కాలువ గట్టుకు తాళ్లతో కట్టిన పొడవాటి పడవ, కప్పు మీద సోలార్ పలకలు)

నమస్కారమండీ. ఇది ఇంగ్లండ్‌లోని గ్రాండ్ యూనియన్ కాలువ. నా వెనక కనిపిస్తున్న నారోబోటే, అంటే ఈ సన్నటి పడవే మా ఇల్లు. పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ లాంటి ఇంజనీర్లు ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో లాకుల్ని, అంటే పడవల్ని ఎత్తుకూ పల్లానికీ చేర్చే తలుపుల గదుల్ని, ఏడడుగుల వెడల్పుతో కట్టారు. వాటిలో పట్టాలి కాబట్టి పడవలకూ అదే కొలత వచ్చింది.

"ఇంత ఇరుకులో చుట్టాలను ఎలా పిలుస్తారు?" అని అడుగుతుంటారు. పడుకోవడానికి చోటు దొరుకుతుందండీ. భోజనాల బల్ల కిందికి దించి పరుపు వేస్తే ఇద్దరికి పక్క సిద్ధం. చూసుకోవాల్సింది నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి. ఈ మూడింటికీ ఇక్కడ లెక్క ఉంది.

(తెర మీద: గట్టు మీది కుళాయి, ట్యాంకులోకి గొట్టం)

మా ట్యాంకులో 500 లీటర్లు పడతాయి. ఇద్దరం జాగ్రత్తగా వాడితే చాలా రోజులు వస్తాయి. నలుగురొచ్చి షవర్ కింద తీరిగ్గా నిలబడితే మర్నాటికే అడుగంటుతాయి. కుళాయి ప్రతి చోటా ఉండదు. పడవను అక్కడిదాకా నడిపించుకెళ్లి, గొట్టం పెట్టి కూర్చోవాలి. అందుకే చుట్టాలు రాకముందే నింపుకుంటాం. సింకులో నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి కాబట్టి వేపుడు నూనె ఎప్పుడూ అందులో పోయం. సీసాలో పట్టి చెత్తలో వేస్తాం.

ఇక మరుగుదొడ్డి. సిగ్గుపడకుండా చెప్పుకోవాల్సిన సంగతి ఇది. మాది క్యాసెట్ రకం. సీటు కింద సుమారు 20 లీటర్ల పెట్టె ఉంటుంది. నిండాక దాన్ని మోసుకెళ్లి, కాలువ పొడవునా అక్కడక్కడా ఉండే ప్రత్యేకమైన చోట ఖాళీ చెయ్యాలి. కాలువలో పోయడం నేరం. మనవాళ్లు నీళ్లు వాడతారు కదా, మగ్గు మగ్గుకీ పెట్టె నిండిపోతుంది. నీళ్లు మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను, పెద్దవాళ్లకి అసలే చెప్పను. చిన్న మగ్గు పెడతాను, ఖాళీ పెట్టె ఇంకోటి సిద్ధంగా ఉంచుతాను, మర్నాడు పొద్దున ఖాళీ చేసే చోటికి చేరేలా ప్రయాణం వేసుకుంటాను. వచ్చినవాళ్లకి ఈ ఏర్పాటు ముందే చెబితే ఇబ్బంది పడకుండా ఉంటారు. లేకపోతే పాపం, మొహమాటంతో నీళ్లు తాగడమే తగ్గించేస్తారు.

కరెంటు గురించి రెండు మాటలు. సోలార్, ఇంజను కలిసి బ్యాటరీల్ని నింపుతాయి. ఫోన్లకీ లైట్లకీ ఇబ్బంది లేదు. హెయిర్ డ్రయ్యర్, కరెంటు రైస్ కుక్కర్ మాత్రం వద్దు. గట్టుకు కట్టిన పడవలో రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజను నడపకూడదు, ఇరుగుపొరుగు పడవల్లో జనం నిద్రపోతుంటారు. అన్నం గ్యాసు మీద మామూలు కుక్కర్‌లోనే వండుతాం.

చలికాలంలో ఒక ప్రమాదం ఉంది. తలుపుల దగ్గర, కప్పులో గాలి రంధ్రాలుంటాయి. చలిగా ఉందని వాటిలో గుడ్డలు కుక్కకూడదు. బొగ్గు పొయ్యి రాత్రంతా రాజుతూ ఉంటుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. అలారం ఉంది కదా అని ఊరుకోకుండా, పక్కలు వేసేటప్పుడే ఈ మాట చెబుతాను.

(తెర మీద: ఇటుక వంతెన, దాని మీద నంబరు పలక)

మాకు సొంత రేవు లేదు. అలాంటి పడవలు మామూలుగా ఒకే చోట 14 రోజులకు మించి ఆగకూడదని 1995 నాటి చట్టం. కాబట్టి చిరునామా మారుతూనే ఉంటుంది. ఇక్కడ ప్రతి వంతెనకీ నంబరుంటుంది. "ఫలానా నంబరు వంతెన దగ్గర గట్టు దిగండి" అని చెబుతాం. చుట్టాల్ని ఎక్కించుకోవడానికి నాకు బాగా నచ్చిన ఊరు బెర్కమ్‌స్టెడ్. లండన్ యూస్టన్‌లో రైలెక్కితే స్టేషను పక్కనే కాలువ. అక్కడ ఎక్కించుకుని ట్రింగ్ వైపు వెళితే, సాయంత్రం ట్రింగ్ స్టేషన్‌కి నడిచి రైలెక్కొచ్చు. రైల్లో ఐదారు నిమిషాల దూరం, మాకు పగలంతా పడుతుంది. గంటకు 4 మైళ్లు దాటకూడదు, కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా నెమ్మదించాలి. పైగా దారి పొడవునా లాకులు.

(తెర మీద: లాకులో పైకి లేస్తున్న పడవ)

ధవళేశ్వరంలో, గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. కాటన్ దొర కాలపు ఆ లాకులదీ ఇదే పద్ధతి. పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపులు మూస్తాం, ఎగువ తూములు ఎత్తితే నీళ్లు నిండి పడవ పైకి లేస్తుంది. తేడా ఏంటంటే ఇక్కడ చాలా లాకుల దగ్గర సిబ్బంది ఉండరు. ఇనప హ్యాండిల్ తిప్పేదీ, తలుపు దూలాన్ని నడుముతో నెట్టేదీ మనమే. మా బావగారు వచ్చినప్పుడు ఆ హ్యాండిల్ ఇంకెవరికీ ఇవ్వలేదు. చుట్టాలు కాలు కింద పెట్టకూడదనే మర్యాద ఇక్కడ పనికిరాదండీ. పని చేసినవాళ్లే ఎక్కువ సంతోషంగా వెళ్తారు.

ఇక్కడి లాకులు ఆ ఏడడుగుల లాకులకన్నా వెడల్పు, రెండు నారోబోట్లు పక్కపక్కన పడతాయి. ఎదర ఇంకో పడవ ఉంటే కలిసి వెళ్దామని అడగండి, నీళ్లు ఆదా అవుతాయి. ట్రింగ్ దగ్గర కాలువ కొండ మీదికి ఎక్కుతుంది. లాకు తెరిచినప్పుడల్లా ఆ ఎత్తు నుంచి నీళ్లు కిందికి పోతాయి. అవి తిరిగి నింపడానికే అక్కడ జలాశయాలు కట్టారు. వానల్లేని ఏడాదిలో లాకులు మూసేసే పరిస్థితీ వస్తుంది.

లాకులో జాగ్రత్తలు మూడే. పడవ గోడకు తగులుతుంటే కాలో చెయ్యో అడ్డం పెట్టొద్దు, ఇది 15 టన్నులకు పైనే ఉంటుంది. పడవ కిందికి దిగేటప్పుడు వెనక తలుపు దగ్గర నీటిలో రాతి గట్టు ఉంటుంది, అది ఎక్కడిదాకా ఉందో చూపే తెల్ల గీత దాటి పడవ ముందుకే ఉండాలి. పడవ వెనక భాగం దాని మీద చిక్కితే ముందు భాగం మునుగుతుంది. మూడోది, తూము దగ్గరున్న మనిషి నన్నే చూస్తుండాలి, నేను చెయ్యెత్తగానే తూము మూసెయ్యాలి. పిల్లలకి లైఫ్ జాకెట్ లేకుండా పడవ కదలదు.

"ఏం తెమ్మంటారు?" అని ఫోన్ చేస్తారు. పెద్ద సూట్‌కేసులు వద్దు, మెత్తటి సంచి చాలు. జారని బూట్లు, వాన కోటు. స్వీట్లు తేవాలనిపిస్తే తెండి. చలికాలమైతే వాటికన్నా ఒక బస్తా పొగరాని బొగ్గు ఎక్కువ పనికొస్తుంది.