ఆతిథ్యమిచ్చే వంతు: వియన్నా బాల్ వేడుకలు, ఫాషింగ్ సంబరాలు

సభాధ్యక్షులకు, సాటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించిన సంవత్సరాల్లో, అక్కడి బాల్ నృత్యోత్సవాలనూ ఫాషింగ్ అని పిలిచే కార్నివాల్ సంబరాలనూ దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది. వియన్నా బాల్ అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది ఏటా టెలివిజన్‌లో ప్రసారమయ్యే ఒపేరా బాల్: తెల్లని గౌన్లు, రాజఠీవి, రాజకీయ ప్రముఖులతో నిండిన బాక్సులు, అంటే హాలు చుట్టూ ఉండే ప్రత్యేక గదులు. దానిని చూసిన వారు ఇది గడిచిపోయిన రాచరికపు వాసన అనుకోవడం సహజం. అక్కడ ఉండి చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం వేరు. ఈ వేడుకలు రాజాస్థానంలో పుట్టినా, వాటిని ఈ కాలం దాకా నిలబెట్టినవి వృత్తి సంఘాలు, విద్యాసంస్థలు, ఊరి సంఘాలు. ఏడాదిలో ఒక రాత్రి ఒక వృత్తి వారందరూ కలిసి నగరానికి ఆతిథ్యమిస్తారు. ఆ ఆతిథ్య బాధ్యతే ఈ సంప్రదాయానికి ప్రాణమని నా నమ్మకం. నేను చెప్పదలచినదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందుగా కాలం సంగతి చెప్పాలి. నవంబరు 11వ తేదీ ఉదయం 11 గంటల 11 నిమిషాలకు ఫాషింగ్ మొదలైనట్టు ప్రకటిస్తారు. ఆ రోజు వియన్నా నడిబొడ్డున ఉన్న గ్రాబెన్ వీధిలో జంటలు పగటిపూటే ఆరుబయట నృత్యం చేస్తాయి. అయితే చర్చి సంప్రదాయం ప్రకారం అసలు ఫాషింగ్ జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ తరువాతిదే, కాబట్టి వేడుకల ఉధృతి జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కనిపిస్తుంది. ఈస్టర్‌కు 46 రోజుల ముందు వచ్చే బూడిద బుధవారంతో ఉపవాస దినాలు మొదలవుతాయి గనుక, దాని ముందు రోజైన మంగళవారంతో సంబరాలు ముగియాలి. ఈస్టర్ చాంద్రమానాన్ని అనుసరించి ముందు వెనుకలవుతుంది. అందుకే 2024లో ఫిబ్రవరి 14నే వచ్చిన బూడిద బుధవారం 2025లో మార్చి 5 దాకా రాలేదు. పంచాంగం చూసి పండుగ తేదీలు లెక్క వేసుకునే మనకు ఈ పద్ధతిలో కొత్తేమీ తోచదు.

ఇక చరిత్ర. హాఫ్‌బుర్గ్ రాజప్రాసాదంలోని రెడౌటెన్ సాల్ అనే నృత్యమందిరాన్ని 18వ శతాబ్దంలోనే ప్రవేశ రుసుము చెల్లించిన పౌరులకు కూడా తెరిచారు. ముసుగు ధరించిన వారిలో ప్రభువెవరో వర్తకుడెవరో తెలియని ఆ మందిరంలో సంగీతానికి లోటు ఉండకూడదని ఎంత శ్రద్ధ వహించారో ఒక్క విషయం చాలు చెప్పడానికి: 1787 డిసెంబరులో మోజార్ట్‌ను ఆస్థాన సంగీతకారుడిగా నియమించినప్పుడు ఆయనకు అప్పగించిన ముఖ్యమైన పని ఈ బాల్‌ల కోసం నృత్య సంగీతం రాయడమే. అదే మందిరంలో చిత్రకారుల, శిల్పుల పింఛను సంఘం తన సభ్యుల కుటుంబాలను ఆదుకోవడానికి ఏటా బాల్ జరిపేది. దానికోసం 1792లో హైడెన్, 1795లో యువకుడైన బీథోవెన్ నృత్యాలు కూర్చారు. అంటే ఒక వృత్తి సంఘం తన వారి కోసం డబ్బు సేకరించడానికి నగరాన్ని నృత్యానికి పిలవడమనేది రెండు శతాబ్దాల కిందటే ఉన్నదన్నమాట.

19వ శతాబ్దంలో ఆ పద్ధతి విస్తరించింది. స్వరకర్త రెండవ యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్ అనే జంట నృత్యం కోసం రాసిన సంగీత రచనల్లో ఎన్నో ఇలాంటి సంఘాలకు కానుకగా పుట్టినవే. ‘ఆక్సెలరాట్సియోనెన్’ 1860లో ఇంజనీరింగ్ విద్యార్థుల బాల్ కోసం, ‘మోర్గెన్‌బ్లెటర్’ 1864లో కాంకోర్డియా అనే పత్రికా రచయితల సంఘం బాల్ కోసం రాసినవి. యంత్రం నెమ్మదిగా మొదలై వేగం పుంజుకున్నట్టు సాగే సంగీతం ఇంజనీర్లకు, ఉదయపు పత్రికల పేరున్న సంగీతం పత్రికల వారికి! వినేవారి పనిని గౌరవించి వారి కోసమే పేరు పెట్టి సంగీతం కూర్చడంలోని ఆప్యాయత నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. నేటికీ ప్రపంచమంతా వినే ‘నీలి డాన్యూబ్’ కూడా 1867 ఫిబ్రవరిలో వియన్నా పురుష గాయక బృందం జరిపిన ఫాషింగ్ కచేరీలోనే తొలిసారి వినిపించింది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రియా ప్రష్యా చేతిలో యుద్ధంలో ఓడిపోయి ఉంది.

1918లో సామ్రాజ్యం కూలిపోయింది. 1919లో కొత్త గణతంత్రం ప్రభు బిరుదులను చట్టంతో రద్దు చేసింది. బాల్‌లు రాజవంశానికి మాత్రమే చెందినవైతే అక్కడితోనే ముగిసిపోవలసింది. జరిగింది అది కాదు. అదే 1919లో, మాజీ అశ్విక దళాధికారి విల్లీ ఎల్మాయర్ వియన్నాలో నృత్య పాఠశాల స్థాపించాడు. ఈనాటికీ అది నడుస్తూనే ఉంది. 1924లో వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం తన మొదటి బాల్ జరుపుకొంది. ఆ సందర్భానికి మరో స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ప్రారంభ వాద్య ఘోష రాసి ఇచ్చాడు. ప్రభువులు వదిలిపోయిన నృత్యమందిరాల తాళాలు పనిచేసే మనుషుల చేతికి వచ్చాయి.

ఇప్పుడు ఒక్కో శీతాకాలంలో వియన్నాలో నాలుగు వందలకు పైగా బాల్‌లు జరుగుతాయి. కాఫీ హౌసుల యజమానులు హాఫ్‌బుర్గ్‌లో జరిపే బాల్, మిఠాయి తయారీదారుల బాల్, తోటమాలులు నగర పాలక భవనాన్ని పూలతో నింపి జరిపే పూల బాల్, సంప్రదాయ గ్రామీణ దుస్తుల్లో తప్ప రానివ్వని వేటగాళ్ల బాల్, వైద్యుల బాల్, న్యాయవాదుల బాల్ వంటివి వాటిలో పేరున్నవి. చిన్న ఊళ్లలో అగ్నిమాపక దళం వారి బాల్ లేకుండా ఫాషింగ్ పూర్తి కాదు. ఆస్ట్రియా పల్లెల్లో ఆ దళాలు స్వచ్ఛంద సేవకులతో నడుస్తాయి గనుక, ఆ రాత్రి టికెట్టు కొన్నవాడు తన ఊరి మంటలార్పే పరికరాలకు చందా ఇచ్చినట్టే.

ఒపేరా బాల్ గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. బూడిద బుధవారానికి ముందు వచ్చే గురువారం రాత్రి, ప్రేక్షకుల కుర్చీలను తీసివేసి వేదిక ఎత్తుకు నేల పరిచి ఒపేరా భవనాన్నే నృత్యమందిరంగా మారుస్తారు. ఆ పేరుతో తొలిసారి 1935లో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న భవనం 1955లో తిరిగి తెరుచుకున్నాక 1956లో పునరుద్ధరించారు. గల్ఫ్ యుద్ధం కారణంగా 1991లోనూ, కోవిడ్ కారణంగా 2021, 2022లలోనూ ఆపివేశారు. ప్రవేశ టికెట్టే 300 యూరోలు దాటుతుంది, బాక్సుకు 20 వేల యూరోలకు పైనే. దానిని నేను టెలివిజన్‌లోనే చూశాను; అందమైన దృశ్యమే, కానీ నగరపు బాల్ సంస్కృతిని అంచనా వేయడానికి అది సరైన కొలత కాదు.

బాల్ జరిగే తీరులో నాకు నచ్చిన కొన్ని నియమాలున్నాయి. మొదట తెల్లని దుస్తుల్లో యువతులు, నల్లని దుస్తుల్లో యువకులు జంటలుగా ప్రవేశించి, నెలల తరబడి సాధన చేసిన ప్రారంభ నృత్యం చేస్తారు. తరువాత “ఆలెస్ వాల్ట్సర్!” అంటే అందరూ వాల్ట్జ్ ఆడండి అన్న పిలుపుతో నేల అందరిదీ అవుతుంది. వియన్నా వాల్ట్జ్ నిమిషానికి సుమారు 180 తాళపు దెబ్బల వేగంతో సాగుతుంది. దానిని ఎడమ వైపు తిరుగుతూ ఆడటం మరీ కష్టం, ఒపేరా బాల్ ప్రారంభ బృందంలో చేరాలంటే అది వచ్చి తీరాలి. అర్ధరాత్రి వేళ క్వాడ్రిల్ అనే సమూహ నృత్యం ఉంటుంది. ఒకరు బిగ్గరగా సూచనలు చెబుతుంటే వరుసలు ఎదురెదురుగా కదులుతాయి, ప్రతి ఆవృత్తికీ వేగం పెరుగుతుంది, సగం మంది దారి తప్పుతారు, హాలంతా నవ్వులతో నిండిపోతుంది. అప్పటిదాకా మర్యాదలన్నీ పాటించిన వైద్యులూ న్యాయమూర్తులూ అందరి ముందు అడుగులు తప్పి హాయిగా నవ్వుకోవడానికి ఆ సంప్రదాయమే చోటిచ్చింది. ఫాషింగ్ సోమవారం నాడు జరిగే రుడాల్ఫీనా రెడౌటె అనే ముసుగుల బాల్‌లో అర్ధరాత్రి దాకా స్త్రీలే ముసుగు ధరించి, తమతో నృత్యం చేసే పురుషులను తామే ఎంచుకుంటారు.

రాజధాని దాటి వెళితే ఫాషింగ్ ఇంకా పాత రూపాల్లో కనిపిస్తుంది. స్టీరియా రాష్ట్రంలోని బాడ్ ఆవుస్సేలో సోమవారం నాడు మగవారు తెల్లని ఆడదుస్తులు, ముసుగులు ధరించి డోళ్లు వాయిస్తూ వీధుల్లో తిరుగుతారు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు ఆడవేషం కట్టడం చూసిన నాకు వారు పరాయివారుగా అనిపించలేదు. మరునాడు అదే ఊళ్లో తళుకులు కుట్టిన నార దుస్తుల్లో ఫ్లిన్సర్ల్‌లు అనే వేషధారులు వసంతానికి ప్రతిరూపాలుగా వచ్చి, పద్యం అప్పజెప్పిన పిల్లలకు గింజలు, మిఠాయిలు పంచుతారు. టిరోల్‌లోని ఇమ్స్ట్ పట్టణంలో నాలుగేళ్లకొకసారి జరిగే షెమెన్‌లౌఫెన్ ఊరేగింపులో చెక్క ముసుగులు, నడుముకు గంటలు కట్టుకున్న పురుషులు నృత్యం చేస్తారు. 2012లో యునెస్కో దానిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే ఎవరు ఆతిథ్యమిస్తున్నారన్న ప్రశ్నకు ఒక చేదు పార్శ్వం కూడా ఉంది, దానిని దాటవేయడం నాకు న్యాయమనిపించదు. తీవ్ర రైట్‌వింగ్ భావజాలంతో ముడిపడిన విద్యార్థి సోదర సంఘాలు కూడా హాఫ్‌బుర్గ్‌లో బాల్ జరుపుతూ వచ్చాయి. 2012లో అది నాజీల ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరం విముక్తి పొందిన రోజైన జనవరి 27నే జరగడంతో వేలాదిమంది వీధుల్లోకి వచ్చి నిరసించారు. ఆస్ట్రియా జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో వియన్నా బాల్‌ల కింద దాని పేరు కూడా ఉన్నట్టు బయటపడడంతో, ఆ నమోదునే జాబితా నుంచి తొలగించారు. నా అభిప్రాయంలో అది సరైన నిర్ణయం. మరోవైపు, శరణార్థులకు నీడనిచ్చే ఒక సంస్థకు నిధుల కోసం నగర పాలక భవనంలోనే జరిగే శరణార్థుల బాల్ ఉంది. ఒకే సంప్రదాయం రెంటికీ వేదికైంది. అందుకే దాని బరువంతా ఆతిథ్యమిచ్చే వారి మీదే పడుతుంది.

చివరగా నాకు అన్నిటికన్నా ఇష్టమైన దాని గురించి చెబుతాను. అది మతూరా బాల్. మతూరా అంటే పాఠశాల చదువు చివర రాసే పెద్ద పరీక్ష. దానికి సిద్ధమయ్యే తరగతి విద్యార్థులే ఈ బాల్‌ను నిర్వహిస్తారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు సంఘంగా ఏర్పడి, హాలు అద్దెకు మాట్లాడి, వాద్యబృందాన్ని కుదిర్చి, దుకాణాల నుంచి విరాళాలూ లాటరీ బహుమతులూ సేకరించి, టికెట్లు అమ్మి, పైసా పైసా లెక్క చూసుకుంటారు. కొందరు విరాళాల కోసం విదేశీ సంస్థలకు రాయదలచిన ఉత్తరాలను మా తరగతిలోనే ఇంగ్లీషులో రాశారు. నేను ఇచ్చిన ఏ వ్యాసాన్నీ వారు అంత పట్టుదలతో దిద్దుకోలేదు. సాయంత్రాలు నృత్య పాఠశాలకు వెళ్లి, నృత్యానికి ఎలా ఆహ్వానించాలో, ఎలా మర్యాదగా కాదనాలో, ముగిశాక జతగత్తెను తిరిగి తన చోటిదాకా ఎలా తోడ్కొని వెళ్లాలో నేర్చుకునేవారు. తరగతిలో వెనుక బల్లల్లో కూర్చుని నోరు మెదపని ఒక అబ్బాయి, బాల్ రాత్రి తలుపు దగ్గర నిలబడి, మా వృద్ధ ప్రధానోపాధ్యాయురాలికి చేయి అందించి, ఆమెను ముందు వరుసకు తీసుకువెళ్లిన తీరు చూసి, ఆ అబ్బాయిని అంతవరకూ నేను ఎంత తక్కువగా ఎరుగుదునో నాకు తెలిసింది.

ఆ రాత్రి మేము అతిథులం, వారు గృహస్థులు. అర్ధరాత్రి జరిగే ప్రదర్శనలో విద్యార్థులు ఉపాధ్యాయుల నడకనూ మాటనూ ప్రేమగా అనుకరిస్తారు. ఎంత కఠినమైన ఉపాధ్యాయులైనా దానిని మన్ననగానే స్వీకరిస్తారు. ఫాషింగ్ మంగళవారం నాడు బడిలో చిన్న తరగతుల వారు వేషాలు వేసుకుని వచ్చినప్పుడూ, ఆప్రికాట్ జామ్ కూరి నూనెలో వేయించిన క్రాప్ఫెన్‌లు పంచుకున్నప్పుడూ కూడా ఆ చనువు కనిపించేది. మరునాటి బుధవారం పాఠాలు మామూలుగానే జరిగేవి, చాలా ఇళ్లలో ఆ పూట హెర్రింగ్ చేపల విందు ఉండేది. వియన్నాలో మంచి హాళ్లు చాలా ముందుగానే నిండిపోతాయి గనుక, పై తరగతి వారు బాల్ లెక్కలు ఇంకా తేల్చుకుంటుండగానే, కింది తరగతి ప్రతినిధులు మరుసటి ఏడాది హాలు కోసం బయానా చెల్లించి, వారి దగ్గర ఖర్చుల పుస్తకం అడిగి తీసుకుని, పేజీ పేజీ నకలు రాసుకునేవారు.