ఎలుగుబంటికి ఎన్ని మార్కులు?

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఒక ఆదివారం మా ఇంట్లో అందరం కూర్చుని యాభై ఏళ్ల నాటి అమెరికా సినిమా ఒకటి చూశాం. పేరు ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ది విల్డర్‌నెస్ ఫ్యామిలీ’. 1975లో వచ్చింది, దర్శకుడు స్టూవర్ట్ రాఫిల్. లాస్ ఏంజెలెస్‌లో స్కిప్ రాబిన్సన్ అని ఒకాయన, ఇళ్లు కట్టే పని. కూతురు జెన్నీకి ఊపిరితిత్తుల జబ్బు. ఆ నగరం పొగ ఆమెకు పడదు. దాంతో ఆయన పెళ్లాం బిడ్డల్ని, కుక్కని వెంటబెట్టుకుని రాకీ పర్వతాల్లోకి వెళ్లిపోతాడు. దుంగలతో ఇల్లు కట్టుకుంటారు. ఎలుగుబంట్లు వస్తాయి. కథ అంతే.

పెద్ద స్టార్లు లేరు, పెద్ద స్టూడియో లేదు. తీసింది ఆరెగాన్ రాష్ట్రంలో మెడ్‌ఫర్డ్ అనే చిన్న ఊరి కంపెనీ. అదే ఏడాది వేసవిలో ‘జాస్’ అనే సొరచేప సినిమా వచ్చి అమెరికా థియేటర్లను ఊపేసింది. అలాంటి కాలంలో ఈ సినిమా ఆడడమే కాదు, 1978లో, 1979లో దీనికి కొనసాగింపులు కూడా వచ్చాయి.

ఎలా ఆడిందో చెప్పుకోవాలి. అప్పట్లో ఇలాంటి చిన్న కంపెనీలు ‘ఫోర్ వాలింగ్’ అనే పద్ధతి పట్టుకున్నాయి. అంటే థియేటర్ నాలుగు గోడల్నీ వారానికింత అని అద్దెకు తీసుకోవడం. టికెట్ల డబ్బంతా సినిమావాళ్లదే, జనం రాకపోతే నష్టమూ వాళ్లదే. మన ఊళ్లలో సింగిల్ స్క్రీన్ అద్దె లెక్కలు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. ఆ వారం లోకల్ టీవీలో ప్రకటనలు దంచేసేవాళ్లు. కొండ, ఎలుగు, నవ్వుతున్న పిల్లలు. పేపర్లో సమీక్ష వచ్చి జనం దాన్ని చదివేలోపే వారం అయిపోయేది. అంటే విమర్శకుడి దాకా వెళ్లకుండానే ప్రేక్షకుడి దగ్గరికి వెళ్లిపోయారన్నమాట. గడుసువాళ్లు.

ఏ సినిమా ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పే రేటింగులు అమెరికాలో వచ్చింది 1968లో. ఆ తర్వాత కొన్నేళ్లకే ‘గాడ్‌ఫాదర్’, ‘ఎక్సార్సిస్ట్’ లాంటి రక్తపాతం, భయం ఉన్న సినిమాలు ఊపందుకున్నాయి. పిల్లల్ని పట్టుకుని వెళ్లడానికి సినిమా ఏదీ అని తల్లిదండ్రులు వెతుక్కునే రోజులు. అందుకే ఇలాంటి సినిమా గురించి జనం చెప్పే మొదటి మాట ఎప్పుడూ ‘లేని’ దాని గురించే. బూతు లేదు, రక్తం లేదు, పిల్లలతో చూడొచ్చు. నాకు ఈ మెచ్చుకోలు అంతగా నచ్చదు. హోటల్లో తిని వచ్చి, రాళ్లు తగల్లేదు అని చెప్పినట్టుంటుంది. అన్నం ఎలా ఉందో చెప్పాలి కదా!

మా ఇంట్లో ఆ సంగతి చెప్పింది ఆరో తరగతి చదివే మా మేనల్లుడు. నటన సంగతి వాడికి పట్టలేదు. “మామయ్యా, చూడు, పిల్ల ఒక షాట్‌లో, జంతువు ఇంకో షాట్‌లో. ఇద్దరూ కలిసి లేరు” అన్నాడు ఒక చోట. నిజమే, డబ్బు తక్కువైన చోట ఎడిటర్ కత్తెరే భయపెట్టాలి. కాసేపటికి ఎలుగుబంటి మనుషుల పక్కనే, ఒకే ఫ్రేములో నిలబడింది. వీడు తింటున్న చేగోడీ నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. అది గ్రాఫిక్స్ కాదు, తర్ఫీదు ఇచ్చిన నిజమైన ఎలుగు. ఎంత తర్ఫీదు ఇచ్చినా దాని బరువు దానిదే, దాని మనసు దానిదే. కంప్యూటర్ జంతువులు చూసి పెరిగిన పిల్లాడు కూడా ఆ తేడా ఇట్టే పట్టేశాడు. నా వరకు సినిమా పాసైంది అక్కడే. పాటలు వచ్చే చోట, పిల్లలు పరుగెత్తే చోట మాత్రం సాగదీశారు. ఫోన్ చూసుకున్నానని ఒప్పుకుంటాను.

మా అత్తయ్య తూకం వేరు. మొదటి పది నిమిషాల్లోనే అడిగేసింది: “పిల్లకి ఆయాసం అంటున్నారు, డాక్టరు లేని చోటికి తీసుకుపోతాడేంటి బాబూ ఈయన?”

“గాలి బాగుంటుందని, అత్తయ్యా.”

“గాలి సరే. రాత్రి పూట ఎగశ్వాస వస్తే?”

సమాధానం చెప్పలేక తెర వైపు చూశాను. ఆ కొండలు, ఆ నీళ్లు, ఎటు తిప్పినా కెమెరాకి అందమే. ఆ అందం చాటున ఈ ప్రశ్న దాక్కుంది. అయినా ఆవిడ లేచిపోలేదు. దుంగల్ని నరికి, మోసి, ఒకదాని మీద ఒకటి పేర్చే సీన్లు కళ్లార్పకుండా చూసింది. మామయ్య ఉన్న రోజుల్లో సొంతిల్లు దగ్గరుండి కట్టించుకున్న మనిషి.

సినిమా అయ్యాక మేనల్లుడు వందకు అరవై వేశాడు, అందులో నలభై ఎలుగుకే. మీరెన్ని వేస్తారు అత్తయ్యా అని అడిగాను.

“ఇల్లు మాత్రం బాగా కట్టాడు” అంది. గ్లాసులు తీసి వంటింట్లోకి వెళ్తూ వెనక్కి తిరిగింది. “ఆ పిల్లకి మందులు ఎన్ని రోజులకి సరిపడా తీసుకెళ్లారో చూపించలేదు, గమనించావా?”