మా ఉడతకి మూడోసారి రొంప

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఉడత ముక్కు గురించి. నవ్వకండి. ఇంట్లో చెప్తే మా ఆవిడా నవ్వింది, "పది నిమిషాలూ ఉడత ముక్కేనా" అని. మా ఉడత ముక్కు మూడుసార్లు కారింది, మూడుసార్లూ నేనే ఏదో ఒక తప్పు చేశాను, అవన్నీ చెప్పాలంటే పది నిమిషాలు సరిపోతాయో లేదో అని నా బెంగ.

మాది విజయనగరం. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు. అక్టోబరులో మనకి గాలి పట్టిందంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళమే. ఇది అంత గాలేం కాదు గానీ చెట్టు మీదున్న ఉడత గూడు, ఆ పీచు ఉండ మొత్తం కిందపడిపోయింది. అందులో ఒక్క పిల్ల. కళ్ళు తెరవలేదు, బొటనవేలంత ఉంది, వీపు మీద మూడు గీతలు ఎవరో అప్పుడే పెన్సిల్‌తో గీసినట్టున్నాయి. రాముడు వీపు నిమిరి వెళ్ళిపోయాడు, ముక్కు తుడిచే పని మాత్రం మాకు వదిలేశాడు.

ఇక్కడో మాట. పిల్ల కిందపడితే తల్లి వెతుక్కుంటూ వచ్చి నోట కరుచుకుని పట్టుకెళ్తుంది, కాబట్టి పిల్లుల కంటపడకుండా చెట్టు మొదట్లోనే ఉంచి కాసేపు ఆగాలి. రాకపోతే ఫారెస్టు వాళ్ళకి చెప్పాలి, అడవి జీవుల విషయంలో 1972 నుంచీ వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. నేను ఆగనూ లేదు, చెప్పనూ లేదు, మనవడు ఏడుస్తున్నాడని లోపలికి తెచ్చేశాను. అది తప్పే, ఒప్పుకుంటున్నాను.

పాలు పట్టాం. ఆవుపాలు, అవి దానికి పడవని తర్వాత తెలిసింది. మనవడు ఇంకు ఫిల్లర్‌తో పట్టేవాడు, ఓసారి గట్టిగా నొక్కేస్తే పాలు ముక్కులోంచి బుడగలా వచ్చాయి, అది తుమ్మింది, మేమంతా నవ్వుకున్నాం. ఈ బుడగ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి రొంప రెండో నెలలో పట్టింది. తుమ్ములు, ముక్కు కింద చీమిడి ఎండిపోయి చిన్న చెక్కులా అతుక్కుంది. పక్కింటి ముసలమ్మగారు గోడ మీంచి చూసి "ఓలమ్మో, దీనికి రొంప పట్టీసింది బాబూ, ఏటలా సూస్తన్నారు, బేగి విక్సు రాయండి" అంది. రాయలేదు, మొత్తం కథలో నేను చేసిన మంచి పని అదొక్కటే. కర్పూరం, మెంథాల్, అమృతాంజనం, ఇవేవీ ఇంత చిన్న ప్రాణి దగ్గరికి తీసుకెళ్ళకూడదు. కానీ నేనేం చేశానంటే ఫ్రిజ్‌లో మనవడి జలుబుకి వాడగా మిగిలిపోయిన సిరప్పు ఉంది, అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, అది ఒక్క చుక్క నోట్లో వేశాను. ఒక్క చుక్కే కదా అనుకున్నాను.

ఒక్క చుక్క లెక్క చెప్తాను వినండి, నేను లెక్కల మాస్టార్ని, అలవాటు పోదు. పెద్ద ఉడతే నూరు గ్రాములుంటుంది. యాభై కిలోల మనిషి దానికి ఐదువందల రెట్లు. అంటే దానికి ఒక చుక్క వేశామంటే మన నోట్లో ఐదు చెంచాల మందు పోసినట్టు. మాది అప్పటికి నలభై గ్రాములు కూడా లేదు, ఇంక చూసుకోండి. పైగా ఆ మందు కుందేళ్ళకీ గినీ పిగ్‌లకీ హామ్‌స్టర్లకీ నోట్లో పోస్తే పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ప్రాణం మీదకి వస్తుందిట, ఉడత మీద ఆ ప్రయోగం మనకెందుకు. మా దానికి రెండ్రోజులు విరేచనాలయ్యాయి, ఎలాగో బతికింది, ముక్కు దానంతటదే ఆరింది. మందు పనిచేసిందని నేను వీధంతా చెప్పుకున్నాను.

రెండోసారి బుద్ధొచ్చి డాక్టరు దగ్గరికే వెళ్ళాను. గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుకుని వచ్చిన చిన్నమ్మాయి, ఉడతని చూసి నవ్వలేదు, అందుకే నాకు నచ్చింది. తూకం వేసి మందు రాసి పది రోజులు వెయ్యమంది. నాలుగో రోజుకి ముక్కు పొడిగా అయిపోయింది. మా ఆవిడ "తగ్గిపోయింది కదండీ, ఇంక దాన్నెందుకు హింస పెట్టడం" అంది, నాకూ అదే కావాలి, ఆపేశాను. మూడు వారాలు తిరగలేదు, మళ్ళీ మొదలు.

మూడోసారి రొంపకి మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ముక్కు వైపు చూడనే లేదు. ముందు కాళ్ళు పట్టుకుని తిప్పి చూపించింది. చేతుల లోపలి వైపు వెంట్రుకలు బంక రాసినట్టు పాయలు పాయలుగా అతుక్కుని ఉన్నాయి. ఉడత ముక్కు చేత్తోనే తుడుచుకుంటుంది, ముక్కు శుభ్రంగా కనపడినా చెయ్యి నిజం చెప్పేస్తుంది. నేను రోజూ ముక్కే చూశాను, చెయ్యి చూడలేదు. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విని, "కారేది రెండు వైపులా, ఒక వైపేనా?" అని అడిగింది. ఒక్క వైపే కారుతుంటే లోపల ఏదైనా ఇరుక్కుని ఉండొచ్చు, లేదా పంటి గొడవ కావచ్చుట. పైపళ్ళ మొదళ్ళు ముక్కు గొట్టం పక్కనే ఉంటాయి, పంజరం ఊచలు కొరికీ కొరికీ ఆ మొదళ్ళు దెబ్బతింటే ముక్కు మూసుకుపోతుంది, అప్పుడు ఎక్స్‌రే తీసి చూడాల్సిందే, ఎన్ని మందులు వేసినా పనిచెయ్యవు. మా దానికి రెండు వైపులా. "చిన్నప్పుడు పాలు ముక్కులోంచి వచ్చాయా?" అంది. నేను నేల చూపులు చూశాను. ఆ బుడగే. పాలు ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా అయ్యేదనీ అదృష్టం బాగుందనీ, రొంపకి బీజం అక్కడ పడి ఉండొచ్చనీ అంది.

"సరే, గూడేదీ, తెచ్చారా?" అంది. చెక్కపెట్టె ఆటోలోనే ఉంది, తెచ్చాను. అడుగున గోనె పట్టా. మన దగ్గర గోగునారకీ గోనెసంచులకీ కొదవేముంది, మెత్తగా వెచ్చగా ఉంటుందని నాలుగు మడతలు వేశాను. రాత్రిళ్ళు చలేస్తుందని పైన దుప్పటి కూడా కప్పేవాళ్ళం.

"మాస్టారూ, ఇందులో ఒకసారి మీ ముక్కు పెట్టండి" అంది.

పెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉచ్చ ఘాటు, అమోనియా. నిలబడి చూస్తే ఏ వాసనా లేదు, వంగి ముక్కు అడుక్కి ఆనిస్తే మండిపోయింది. మరి దాని ముక్కు ఉండేది ఎక్కడ? ఆ పట్టాకి అంగుళం ఎత్తులో, రాత్రంతా, పైన దుప్పటి కప్పేసి. ఆ ఘాటుకి ముక్కు లోపల పొర రేగిపోతుంది, దానికి తోడు గోనె దుమ్ము, మా ఇంట్లో అయితే సాయంత్రం దోమల చక్రం, పొద్దున అగరొత్తి. మందు వేసినన్నాళ్ళూ తగ్గుతుంది, ఆపగానే మళ్ళీ పట్టుకుంటుంది. నేను మందు మార్చమని అడగడానికి వెళ్ళాను, ఆవిడ పట్టా మార్చమంది.

మందూ ఇచ్చిందనుకోండి, ఈసారి చెప్పినన్ని రోజులూ ఒక్కపూట తప్పకుండా వేశాను. సూది తీసేసిన ఒక మిల్లీ సిరంజి, నోటి పక్కనుంచి, అది నాకుతున్నకొద్దీ కాస్త కాస్త, వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం కాదు. తిండి పెట్టే ముందు గోరువెచ్చటి సెలైన్‌లో దూది తడిపి ఆ చెక్కు నానబెట్టి తుడిచేవాణ్ణి. ఎందుకంటే ఉడత కూడా ఎలుక జాతే, అది మనలాగ నోటితో సులువుగా ఊపిరి తీసుకోలేదు, ముక్కు మూసుకుపోతే తిండి మానేస్తుంది. నోరు తెరిచి ఊపిరి లాగుతోందంటే రేపు చూద్దాం అనకండి, ఆ నిమిషమే బయల్దేరండి. ఈసారీ తిరగబెడితే ముక్కులోది తీసి ల్యాబుకి పంపి ఏ మందు పనిచేస్తుందో చూద్దామంది, అంతవరకూ రాలేదు.

ప్రతి ఆదివారం తూకం వెయ్యమంది. ఇంట్లో కాటా గ్రాములు సరిగ్గా చూపించదు, అందుకని వీధి చివర కంసాలి కొట్టుకి తీసుకెళ్ళాను. మూతున్న డబ్బాలో పెట్టి బంగారం తూచే కాటా మీద పెడితే, డబ్బా పోను తొంభై ఒక్క గ్రాములు. "తరుగు తియ్యమంటారా మాస్టారూ" అన్నాడు. వచ్చే వారం తరుగు కనపడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి, అది ఆవిడ మాట. కనపడలేదు, తొంభై ఆరుకొచ్చింది, తర్వాత నూటరెండు.

ఇంక పట్టా బదులు ఏం వెయ్యాలి? దుమ్ము రాలకూడదు, తువ్వాలులా పోగులు లేచి ఉంటే గోళ్ళు చిక్కుకుంటాయి, అది కూడదు. మెత్తటి పాత నూలుబట్ట, రోజూ మార్చి ఉతకాలి. ఇంట్లో అంత మెత్తటి బట్ట ఒకటే ఉంది, మా మావగారి పాత పొందూరు పంచె. మా ఆవిడ గంటసేపు మాట్లాడలేదు. "పొందూరు ఖద్దరు ఉడతకి పరుస్తారుటండీ, మా నాన్న పంచె" అని. తర్వాత తనే కత్తెర తెచ్చి ఎనిమిది ముక్కలు చేసి అంచులు మడిచి కుట్టింది.

నేను మీకు చెప్పాలనుకున్నది ఈ ఒక్కటే, పొద్దున్నే లేచి కాఫీ కంటే ముందు మీ ముక్కు దాని గూట్లో పెట్టండి. ఉడతైనా కుందేలైనా తెల్ల ఎలుకైనా సరే. మీకు మండితే దానికీ మండుతోంది, అంతే. ఆ రోజే బట్ట మార్చండి, మందు తర్వాత.

పట్టా తీసేసి ఏడు నెలలైంది, మా దానికి మళ్ళీ రొంప రాలేదు. పగలంతా కొబ్బరిచెట్టు మీదే, గూడు తలుపు తీసే ఉంటుంది, పడుకోడానికి మాత్రం వస్తుంది. నేను రోజూ ముక్కు పెడుతూనే ఉన్నాను. నిన్న పొద్దున్న పెడితే వేరుశనక్కాయల వాసన తప్ప ఏమీ రాలేదు, బాగుంది అనుకునేలోపు అది లోపల్నుంచి వచ్చి నా ముక్కు కొరికింది. రేడియో కాబట్టి మీకు కనపడదు గానీ, ఇదిగో, ఇక్కడ, చిన్న గాటు.