డిసెంబరు 25: ఆచరించేవారు, ఆచరించనివారు

సభాధ్యక్షులకు, సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ప్రభువు నామంలో వందనాలు.

క్రైస్తవులు క్రిస్మస్ ఆచరించవచ్చా అన్నది నాకిచ్చిన అంశం. మన కుటుంబాలకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. లూథరన్ మందిరం మీద నక్షత్రం వెలుగుతున్న వీధిలోనే, నాలుగిళ్ల అవతల బ్రదరెన్ కూడికలో ఆ రోజుకు ఏ ప్రత్యేకతా ఉండకపోవచ్చు. ఆ ఇంటి అమ్మాయి ఈ ఇంటికి కోడలిగా వస్తే డిసెంబరు నెల కాస్త బరువుగానే గడుస్తుంది.

ముందుగా, ఆచరించని సహోదరులు చెప్పేదాంట్లో నిజమెంతో ఒప్పుకుందాం. ప్రభువు తన మరణాన్ని జ్ఞాపకం చేసుకోమని రొట్టెను, పాత్రను ఇచ్చాడు గాని, తన జన్మదినాన్ని ఆచరించమని ఎక్కడా చెప్పలేదు. సువార్తల్లో తేదీ లేదు. మూడవ శతాబ్దంలో ఓరిజెను అనే సంఘ పండితుడు, లేఖనాల్లో పుట్టినరోజు విందు చేసుకున్నవారు ఫరో, హేరోదు వంటి పాపులే తప్ప పరిశుద్ధులెవరూ కారని బోధించాడు. అంతకు కొద్దికాలం ముందు అలెగ్జాండ్రియాకు చెందిన సంఘ బోధకుడు క్లెమెంతు, ఐగుప్తులో కొందరు ప్రభువు జన్మదినాన్ని మన లెక్కలో మే 20గా గణిస్తున్నారని రాశాడు. రోములో డిసెంబరు 25 అన్న మాట మనకు 354లో కూర్చిన ఒక పంచాంగ సంకలనంలో కనిపిస్తుంది. అందులోని జాబితా 336 నాటిదని పండితులు లెక్కకట్టారు. 386లో అంతియొకయలో సంఘ బోధకుడు యోహాను క్రిసోస్తము ప్రసంగిస్తూ, ఈ పండుగ తమ ఊరికి తెలిసి ఇంకా పదేళ్లు నిండలేదని చెప్పాడు.

అయితే ఇది రోమీయుల సూర్యదేవుని పండుగేనని, మనవాళ్లు పేరు మార్చుకున్నారని తేల్చి చెప్పేవారు కాస్త ఆగాలి. అజేయ సూర్యుని జన్మదినం డిసెంబరు 25 అని చెప్పే ఆధారం కూడా ఆ 354 నాటి సంకలనంలోనే ఉంది. ఎవరిని చూసి ఎవరు ఆ తేదీ పెట్టుకున్నారో దాన్నిబట్టి తేల్చలేం. ప్రభువు గర్భంలో పడింది మార్చి 25న అని నమ్మిన పూర్వికులు, అక్కడినుంచి తొమ్మిది నెలలు లెక్కించారన్న వివరణ కూడా ఉంది. క్రిస్మస్ చెట్టుకు విరోధంగా తరచూ ఎత్తిచూపే యిర్మీయా పదవ అధ్యాయం సంగతి వేరు. అక్కడ ప్రవక్త ఖండిస్తున్నది చెట్టు నరికి విగ్రహం చెక్కి, దానికి వెండి బంగారాలు తొడిగి మొక్కడాన్ని.

ఆజ్ఞ లేనిది ఆచరించకూడదన్న వాదానికి యోహాను పదవ అధ్యాయమే నాకు జవాబుగా తోస్తుంది. ఆలయ ప్రతిష్ఠిత పండుగ నాడు, శీతకాలంలో, ప్రభువు సొలొమోను మంటపంలో తిరుగుతున్నాడు. ఆ పండుగ మోషే ధర్మశాస్త్రంలో లేదు. ఆలయాన్ని శత్రువుల చేతినుంచి విడిపించిన యూదా వీరులైన మక్కబీయుల కాలంలో ప్రజలు ఏర్పరచుకున్నది. ప్రభువు దాన్ని గద్దించలేదు, ఆ రోజున ఆలయానికి దూరంగానూ ఉండలేదు.

ఆచరించాలని ఒత్తిడి చేయడం ఎంత తప్పో, ఆచరించేవారిని శిక్షించడమూ అంతే తప్పు. ఇంగ్లండు పార్లమెంటు 1647లో ఈ పండుగను రద్దు చేసింది. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టంట్లు 1659లో దీన్ని ఆచరించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించి, 1681లో ఆ చట్టాన్ని ఎత్తివేశారు. రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు, దినాన్ని లక్ష్యపెట్టేవాడిని, లక్ష్యపెట్టనివాడిని పక్కపక్కనే నిలబెట్టి, ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోవాలన్నాడు. అదే పౌలు గలతీయుల మీద కోపగించింది, దినాలు ఆచరిస్తేనే నీతిమంతులమవుతామన్న భ్రమను చూసి. కాబట్టి నేను ఆచరిస్తాను. ఆచరించని నా సహోదరుని భక్తిని మాత్రం శంకించను.

ఇక ఎలా ఆచరించాలన్నదే నాకు ఎక్కువ ముఖ్యం. లూకా రెండో అధ్యాయంలో తొట్టి, గొల్లలు మనకు కంఠోపాఠం గాని, ఇరవై నాలుగో వచనం దగ్గర ఎవరమూ ఆగం. మరియ, యోసేపు ఆలయానికి తెచ్చిన బలి గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. గొఱ్ఱెపిల్లను తేలేని బాలింతకు లేవీయకాండం పన్నెండో అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. లోకరక్షకుడు పేదల లెక్కలో దేవాలయంలోకి వచ్చాడు. మెదక్ మందిరాన్ని చూసినప్పుడల్లా నాకీ వచనం గుర్తుకొస్తుంది. కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని ఇచ్చి అన్నం పెడుతూ మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ మందిరాన్ని ప్రతిష్ఠించినది 1924 డిసెంబరు 25నే.

మరి మన సంగతి? కొత్తబట్టల కోసం వడ్డీకి అప్పు తెచ్చి, సంక్రాంతి దాటినా తీర్చలేని ఇళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. కేరల్స్‌కు వెళ్లినప్పుడు ఇంటింటా పాడి, ప్రార్థించి, కానుక కవరు అందుకుని, ఫలానా ఇంటివారు ఇంత ఇచ్చారని పుస్తకంలో రాసుకుంటాం. మేళం చప్పుడు వీధి మలుపులో వినబడగానే దీపం ఆర్పేసి పడుకునే ఇల్లు ఒకటి ప్రతి పేటలోనూ ఉంటుంది. వారికి నిద్ర ఎక్కువై కాదు, కవరులో పెట్టడానికి ఏమీ లేక. ఆ ఇంటిని దాటిపోతూ మనం గొల్లల పాటే పాడుతుంటాం. యౌవనస్థులకు నా మనవి ఒక్కటే: ఈ ఏడు గుమ్మం దగ్గర కవరు తీసుకోకండి, పుస్తకం వెంట తీసుకెళ్లకండి. కానుక ఇవ్వదలచినవారికి మందిరంలో పెట్టె ఉంది. ఆ సంగతి వారం ముందే ఆరాధనలో ప్రకటించి, మొదటి రాత్రి మొదటి పాట ఆ చీకటి గుమ్మం ముందే పాడండి.