ఆ ముప్పై రోజులు

అందరికీ నమస్కారం. వారానికి దొరికే ఒక్క ఆదివారం పొద్దున్నే లేచి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

పోయిన నెల ఇదే హాల్లో భోజనాల దగ్గర ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "అక్కా, రెండో జీతం పడింది. బండి తీసుకోమంటారా, వద్దంటారా?" అతనిది కదిరి దగ్గర పల్లె. ఉండేది ఇక్కడే బెంగళూరులో, మారతహళ్లి పీజీ, ఆఫీసు బెళ్లందూరు వైపు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇంటికెళ్లాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దాని గురించే ఈరోజు మాట్లాడతాను.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పదహారేళ్లు దాటింది. ఈ పదహారేళ్లలో బండి మీద నుంచి పడినవాళ్లు నా దగ్గరికి రాని వారం లేదు. నేనూ బండి నడుపుతాను. నూట పాతిక సీసీ, గేర్ల బండి. బండి ఎక్కితే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. పడితే ఏమవుతుందో కూడా తెలుసు. రెండూ తెలిసిన మనిషిగా మాట్లాడుతున్నాను.

ముందు ఒక చెయ్యి గురించి చెప్తాను.

మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఐదు నరాల మూలాలు బయటికి వస్తాయి. అవి జడ అల్లినట్టు ఒకదానితో ఒకటి కలిసి, భుజం దగ్గరగా చేతిలోకి దిగుతాయి. దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటాం. బండి మీద నుంచి ఎగిరి పడినప్పుడు భుజం నేలకు కొట్టుకుని కిందికి, తల ఇంకో పక్కకి పోతే ఆ జడ సాగిపోతుంది. లేదా తెగుతుంది. ఒక్కోసారి వెన్నుపాము దగ్గర నుంచి ఊడిపోతుంది. ఒక్క ఎముకా విరగకపోవచ్చు, చుక్క రక్తం కారకపోవచ్చు. చెయ్యి మాత్రం దండెం మీద ఆరేసిన చొక్కా చెయ్యిలా వేలాడుతుంది.

నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడ నుంచి అరచేతి దాకా ఎంత దూరమో ఇప్పుడే మీ చేతిని చూసుకోండి. డెబ్భై సెంటీమీటర్లు అనుకుంటే ఏడు వందల రోజులు. కండరం అన్నాళ్లు ఎదురుచూడదు. నరం అందకుండా ఏడాది, ఏడాదిన్నర గడిచిపోతే, ఆ తర్వాత నరం వచ్చినా కండరం పలకడం కష్టం. అందుకే ఈ కేసుల్లో సర్జన్లు నెలలు లెక్కపెట్టుకుంటూ పనిచేస్తారు.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. కుడి చెయ్యి. హెల్మెట్ పెట్టుకున్నాడు, స్ట్రాప్ కూడా బిగించుకున్నాడు, అందుకే బతికాడు. స్పీడు నలభై లోపే. సర్వీస్ రోడ్డులో ఒక స్కూటర్ రాంగ్ రూట్లో ఎదురొచ్చింది. తప్పు ఇతనిది కాదు. మొదట్లో వాళ్లమ్మ పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టేది. ఆరు నెలలకి ఎడమ చేత్తో తినడం అలవాటు చేసుకున్నాడు. కానీ పెళ్లి భోజనాలకి వెళ్లడం మానేశాడు. పంక్తిలో కూర్చుని ఎడమ చేత్తో తినడం అతనికి మనసొప్పదు. ఎవరూ ఏమీ అనకపోయినా సరే. నేను ఎన్ని వ్యాయామాలు చేయించినా ఆ బాధకి నా దగ్గర మందు లేదు.

ఇప్పుడు అంకెలు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. నూటికి 44 పైనే. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది అని అదే నివేదిక చెప్తోంది. ఆ యాభై వేలల్లో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఈ చివరి అంకె గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మీలో చాలామంది అనుకునేది నాకు తెలుసు. "నేను స్లోగానే వెళ్తానక్కా." స్లో అంటే ఎంత? ముప్పైలో వెళ్తూ గోడకి గుద్దుకుంటే మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి పడినంత దెబ్బ. అంటే మొదటి అంతస్తు. అరవైలో అయితే పద్నాలుగు మీటర్లు. మీ పీజీ టెర్రస్ మీదికెక్కి పిట్టగోడ నుంచి ఒకసారి కిందికి చూడండి. స్పీడు రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుంది. అరవైలో ఒక్క సెకను ఫోను వైపు చూస్తే, ఆ సెకనులో బండి పదహారు మీటర్లకు పైనే పోతుంది.

ఇంకో విషయం. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలిస్‌లో దాదాపు 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో ఆ నివేదిక వచ్చింది. నాలుగింట మూడు వంతుల ప్రమాదాల్లో బండి ఇంకో వాహనాన్ని గుద్దుకుంది. అలా గుద్దుకున్నవాటిలో మూడింట రెండు వంతులు అవతలివాడు దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వనందువల్ల జరిగాయి. ప్రమాదానికి గురైన రైడర్లలో సగానికి పైగా ఆ బండిని నడపడం మొదలుపెట్టి ఐదు నెలలైనా కాలేదు. రోడ్డు మీద మొత్తం అనుభవం చూస్తే దాదాపు మూడేళ్లుంది, కానీ ఆ బండి కొత్త. ఇక నూటికి 92 మంది సొంతంగా నేర్చుకున్నవాళ్లు, లేదా ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు.

ఊరు వేరు, కాలం వేరు. అయినా ఆ మూడు మాటలూ మనకి అతికినట్టు సరిపోతాయి. మనలో ఎంతమంది స్కూల్ సెలవుల్లో బావ బండి మీద, చెరువు కట్ట మీద నేర్చుకోలేదు? క్లచ్ వదలడం వచ్చింది, గేర్లు మార్చడం వచ్చింది, అయిపోయింది. ఆపడం ఎవరూ నేర్పలేదు. పైగా "ముందు బ్రేక్ పట్టుకోకు, బోర్లా పడతావ్" అని చెప్పి పంపారు. నాకూ మా చిన్నాన్న అదే చెప్పారు. పొడి రోడ్డు మీద తిన్నగా వెళ్తున్నప్పుడు బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దాన్ని గబుక్కున కాకుండా మెల్లగా పిండుతూ బిగించాలి. ఇసుక మీద, మలుపులో అయితే వేరే జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి నూట పాతిక సీసీ దాటిన కొత్త బండ్లకి, బ్రేక్ పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి, నూట పాతిక, అంతకు తక్కువవాటికి రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు. మంచిదే. కానీ భయంతో ముందు బ్రేక్ ముట్టుకోని చేతికి అవేవీ పూర్తిగా ఉపయోగపడవు.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్న. బండి నేర్చుకోవడానికి ఇచ్చే లైసెన్స్, అదే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక కనీసం ముప్పై రోజులు ఆగితేగానీ లైసెన్స్ టెస్టుకి వెళ్లడానికి లేదు. ఆ ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. మనం ఆ ముప్పై రోజుల్ని ఒక అడ్డంకిలా చూస్తాం, ఎప్పుడు అయిపోతుందా అని రోజులు లెక్కపెడతాం. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ నెల రోజులూ షోరూమ్ వైపు వెళ్లకండి. బండి గురించి చదవడం ఆపి మీ దారిని చదవండి.

అంటే ఏమిటంటే, బండి కొంటే మీరు రోజూ ఏ వేళకి, ఏ దారిలో వెళ్తారో ఆ వేళకి, ఆ దారిలోనే బస్సులో వెళ్లండి. ఒక రోజు కొంత దూరం నడవండి. ఔటర్ రింగ్ రోడ్డులో సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా మెట్రో పనులు ఎలా సాగాయో మీకు తెలుసు. బారికేడ్లు, పక్కకి జరిపిన లేన్లు, రాత్రికి రాత్రి మారే దారి. సర్వీస్ రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్లు. ట్యాంకర్ నుంచి కారిన నీళ్లు పొద్దున్నే మలుపులో ఎక్కడ నిలుస్తాయో చూడండి. రాంగ్ రూట్లో ఎవరెవరు ఏ సందులోంచి వస్తున్నారో చూడండి. రంగు పోయిన హంపులు ఎక్కడున్నాయో, వీధి లైట్లు ఎక్కడ ఆరిపోయాయో రాసుకోండి. మొదటి వాన పడిన రోజు తప్పకుండా చూడండి. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి పైకి తేలే సమయం అది. బండి జారేది అప్పుడే ఎక్కువ. నెల తర్వాత మీ చేతిలో మీ దారి చిట్టా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఎన్ని రివ్యూలు చదివినా ఈ సంగతి మీకు దొరకదు.

మీరు బండి ఎక్కే గంట కూడా చూసుకోవాలి. నైట్ షిఫ్ట్ ముగించి తెల్లవారుజామున మూడింటికి ఇంటికొచ్చే మనిషికి, పొద్దున తొమ్మిదికి వెళ్లే మనిషికి రోడ్డు ఒకటే అయినా ప్రమాదం ఒకటి కాదు. నిద్ర కళ్లతో బండి ఎక్కడం తాగి ఎక్కడం లాంటిదే. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రికి రాత్రి బండి మీద అనంతపురం బయల్దేరేవాళ్లు నాకు తెలుసు. రెండు వందల కిలోమీటర్ల పైన హైవే, పక్కన లారీలు. దయచేసి ఆ పని చేయకండి. రాత్రి బస్సు ఉంది, రైలు ఉంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను, లెక్కలు మీకు నాకంటే బాగా వచ్చు. ఈఎంఐ ఒక్కటే చూడకండి. కొత్త బండికి, ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి చేసే థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబర్ నుంచి ఐదేళ్లకి కలిపే కట్టించుకుంటున్నారు. మన బండికి జరిగే నష్టానికి చేసే బీమా చాలావరకు ఒక ఏడాదికే ఉంటుంది, రెండో ఏడాది చాలామంది మర్చిపోతారు. ఓనరు నడిపితే వర్తించే 15 లక్షల ప్రమాద బీమా ఉంది చూశారా, లైసెన్స్ లేకపోతే అది పనికిరాదు. మీ రూమ్మేట్ మీ బండి తీసుకెళ్లి పడితే అతనికి వర్తించదు. వెనక కూర్చున్నవాళ్లకీ వర్తించదు. ఊళ్లో నాన్న బండి ఉంది, అది తెచ్చుకుంటానంటే తెచ్చుకోండి. కానీ ఏడాది దాటి ఇక్కడే ఉంచితే, అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ తెచ్చి కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇక్కడి టాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కూడా కలుపుకోండి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. తల ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి, విడిగా కదిలితే అది మీ సైజు కాదు. రెండు కొనండి.

రెండోది ఎవరికంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆ 14,337 మంది లాంటివాళ్లకి. బండి కొనాలా వద్దా అని మీరు నెలలు ఆలోచిస్తారు. వెనక ఎక్కేవాళ్లకి ఆలోచించుకునే అవకాశమే ఉండదు. ఊరు నుంచి అమ్మ వస్తుంది, మెజెస్టిక్‌లో దిగుతుంది, మీరు "ఎక్కమ్మా" అంటారు, ఎక్కుతుంది. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటుంది. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని, పట్టుకోవడానికి పిడి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఆ శారీ గార్డును అందంగా లేదని తీయించేస్తున్నారు. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో నేను చూశాను, ఇక్కడ వర్ణించను. వెనకవాళ్లకి హెల్మెట్ కర్ణాటకలో 2016 నుంచి అమల్లో ఉంది. ఇంకోటి, ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్నంతకాలం నేర్పేవాళ్లని తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు. నాకైతే ఈ నిబంధన చాలా ఇష్టం. లైసెన్స్ వచ్చాక కూడా, ఆ కొత్త బండి మీద ఐదారు నెలలు గడిచేదాకా అమ్మని ఆటోలోనే తీసుకురండి.

మా ఇంటి సంగతి కూడా చెప్తాను. మేం ఉండేది కాడుగోడి దగ్గర, నా పని ఇందిరానగర్ వైపు. చాలా ఏళ్లు బండి మీదే తిరిగాను, వేరే దారి లేక. 2023 అక్టోబర్‌లో మెట్రో పర్పుల్ లైన్ మొత్తం తెరిచారు, వైట్‌ఫీల్డ్ నుంచి తిన్నగా రైలు వచ్చింది. ఆ నెలే ఆఫీసుకి బండి మానేశాను. బండి అమ్మలేదు. పేషెంట్ల ఇళ్లకి వెళ్లాల్సి వస్తే, ఆదివారాలు మార్కెట్టుకి అదే. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉద్యోగాలు చేసేవాళ్లకి 2025 ఆగస్టు నుంచి యెల్లో లైన్ ఉంది. ఒకప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని ఊరు మారినప్పుడు మళ్లీ తీసి చూసుకోవాలి.

ఈ మధ్య ఒక చెల్లెలు కూడా ఇదే ప్రశ్న అడిగింది. ల్యాబ్ తరఫున పొద్దున ఆరింటికి ఇళ్లకి వెళ్లి రక్తం శాంపిల్స్ తీసుకునే పని. హొసకోటె వైపు, బస్సు ఎప్పుడొస్తుందో తెలియని లేఅవుట్లు. ఆమెని తీసుకోమన్నాను, షోరూమ్‌కి నేనే వెంట వెళ్లాను. ఆమె పని ఆ బండి మీదే నడుస్తుంది, వెళ్లేది ఖాళీ రోడ్లలో, పగటి వెలుగులో. నేర్చుకోవడానికి ఓపిక కూడా ఉంది.

ఆ కదిరి తమ్ముడికి మాత్రం ఇప్పుడే వద్దని చెప్తున్నాను. షిఫ్ట్ అయ్యేది రాత్రి రెండింటికి, కంపెనీ క్యాబ్ ఇస్తోంది, దారి మొత్తం పనులు జరుగుతున్న రోడ్డు. షిఫ్ట్ మారితే, రోడ్డు బాగుపడితే మళ్లీ అడుగు తమ్ముడూ. అప్పుడు నా జవాబు వేరేగా ఉండొచ్చు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి ఈ హాలు వెనక ఉన్న ఖాళీ స్థలంలో సుద్దముక్కతో గీతలు గీసి ఉంచుతాను. ఇరవైలో, ముప్పైలో, నలభైలో వచ్చి గీత దగ్గర బ్రేక్ పట్టి, ఎక్కడ ఆగారో కొలుస్తాం. మొదట ఒక్క వెనక బ్రేకుతో, తర్వాత రెండింటితో. లైసెన్స్ ఉన్నవాళ్లు, ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు రండి. బూట్లు వేసుకుని రండి, చెప్పులతో వస్తే బండి ఇవ్వను. సొంత బండి లేనివాళ్లూ రావచ్చు, నా బండి ఉంది.