నాటకం ఉన్న చోటికే బహుమతి

సభకు నమస్కారం.

రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి పేరున్న ఈ నెల్లూరు పురమందిరంలో నాటకం గురించి మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఈ సాయంత్రం బహుమతులు అందుకోబోతున్న వారిలో కొందరు నిన్న రాత్రి ఎక్కడో నాటకం ఆడి, పొద్దున బస్సెక్కి వచ్చారు. వాళ్ల కళ్ల కింద కాటుక ఇంకా పూర్తిగా పోలేదు. వాళ్లను ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నేను కందుకూరు దగ్గరి పల్లెలో పెరిగాను. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022లో మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. ఒక ఏడు తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకం కట్టించారు. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. హరిశ్చంద్రుడి గొంతు జీరపోయింది. పద్యం ఎత్తుకున్నాడు గానీ పైస్థాయి అందడం లేదు. హార్మోనియం ముందున్న పెద్దాయన ఒకసారి తలెత్తి నటుడి ముఖంలోకి చూశాడు. పద్యం ఆగిన చోట తానే రాగం అందుకుని సాగదీశాడు. ఆ కాస్త వ్యవధిలో నటుడు అటు తిరిగి రెండు గుక్కల నీళ్లు తాగి, గుండె నిండా గాలి పీల్చుకుని ఇటు తిరిగాడు. అప్పటికి శ్రుతి ఒక మెట్టు దిగి ఉంది. వేదిక అంచున చాప మీద కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది, వెనకున్న జనానికి తెలియలేదు. పద్యం ముగియగానే వన్స్‌మోర్ అని కేకలు. పదిరూపాయల నోట్లు తెచ్చి నటుడి భుజం మీది గొంగళికి పిన్నులతో గుచ్చారు. హార్మోనియం పెద్దాయన తుండుగుడ్డతో మెట్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన దగ్గరికి ఒక్కరూ వెళ్లలేదు.

ఆ రాత్రి నుంచి, నాటకానికి బహుమతి అన్న మాట ఎక్కడ విన్నా ఆయన చేతులే నాకు గుర్తొస్తాయి.

అమెరికాలోని షికాగో నగరంలో వృత్తి నాటకరంగానికి 1968 నుంచి పురస్కారాలు ఇస్తున్నారు. 19వ శతాబ్దపు నటుడు జోసెఫ్ జెఫర్సన్ పేరు మీద వాటిని జెఫ్ అవార్డులు అంటారు. నాకు నచ్చింది బహుమతి కన్నా ఎంపిక చేసే తీరు. నాటక సమాజాలు సామాను మూటగట్టుకుని న్యాయనిర్ణేతల దగ్గరికి రానక్కరలేదు. న్యాయనిర్ణేతలే నగరమంతా తిరుగుతారు. కొత్త నాటకం మొదటి ప్రదర్శనకు కొందరు వెళ్లి, మామూలు ప్రేక్షకుల మధ్య కూర్చుని చూస్తారు. బాగుందని వాళ్లు సిఫారసు చేస్తే మిగతా సభ్యులూ వెళ్లి చూస్తారు. అలా ఏడాది పొడుగునా చూసిన మీదట విజేతలను ఎంచుతారు. నటనకు, దర్శకత్వానికే కాదు, రంగాలంకరణకు, దుస్తులకు, వెలుగుకు, ధ్వనికి వేర్వేరుగా బహుమతులుంటాయి.

ఆ జెఫర్సన్ కథ వింటే మన సురభి వాళ్లు గుర్తొస్తారు. తల్లిదండ్రులు నాటకాలవాళ్లు. కుటుంబమంతా సామానుతో ఊరూరా తిరిగేది. ఆయన పదేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో నాటకశాల కట్టుకుంటే, ఊరి అధికారులు మోయలేనంత పన్ను వేశారట. ఒక యువ న్యాయవాది ఫీజు తీసుకోకుండా వాదించి ఆ పన్ను తీయించాడు. ఆ న్యాయవాది అబ్రహాం లింకన్ అని జెఫర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. మన దగ్గర 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సమాజం కూడా కుటుంబాలుగానే పెరిగింది. నడక నేర్చే వయసుకే పిల్లలు వేదిక ఎక్కారు. వృత్తి నాటకం అంటే అదీ. ఆ రోజు నాటకం ఆడితేనే ఆ రోజు పొయ్యి వెలిగేది.

మనకూ బహుమతులు లేకపోలేదు. నంది నాటకోత్సవాలు 1998లో మొదలయ్యాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక ఇలా విభాగాలున్నాయి. కానీ మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి, 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగాయి. ఆ ఆగిన ఏళ్లలో ఎంతమంది రంగు కడిగేసుకుని వేరే పనులకు వెళ్లిపోయి ఉంటారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. పంట వేసిన రైతుకు ఏటేటా వాన కావాలి. ఒక ఏడు కుంభవృష్టి కురిసి, నాలుగేళ్లు మబ్బు జాడే లేకపోతే ఏం పండుతుంది?

నాటక పోటీలు నిర్వహించే పరిషత్తులంటే నాకు గౌరవం. మన నాటికను బతికించింది అవే. అయినా పోటీకి తయారైన నాటిక న్యాయనిర్ణేతల బల్లవైపు చూస్తూ ఆడుతుంది. తిరునాళ్ల నాటకం జనం వైపు చూస్తూ ఆడుతుంది. నిద్రమత్తులో ఉన్న ముసలమ్మను లేపి కూర్చోబెట్టగలిగిన పద్యం విలువ పోటీ వేదిక మీద ఎలా తెలుస్తుంది?

ఇంకొక్క సంగతి. షికాగో వాళ్లు 2018లో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి అన్న విభజన తీసేశారు. మనకు ఇది వింతగా అనిపించనక్కరలేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే ఆంధ్రదేశాన్ని మురిపించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణుడి వేషం కట్టి జేజేలందుకున్న స్త్రీలూ మనకున్నారు. పాత్ర ఎంత పండిందన్నదే మన ప్రేక్షకుడు చూశాడు.

నిర్వాహకులను నేను అడిగేవి రెండే. ఈ సభ ఏటా ఇదే నెలలో జరగాలి, చందాలు తక్కువైన ఏడు శాలువాలు మానేసైనా జరగాలి. రెండోది, వచ్చే తిరునాళ్ల కాలంలో ముగ్గురు న్యాయనిర్ణేతలను ఎంచుకుని, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాటకం ఎక్కడ కట్టిస్తే అక్కడికి పంపండి. కుర్చీలు వేయించవద్దు. చాప మీద కూర్చుని తెల్లారేదాకా చూడమనండి. వాళ్ల కాగితంలో హార్మోనిస్టుకు, మేకప్ చేసే వారికి, తెరలు కట్టే వారికి ఒక్కొక్క గడి ఉండాలి. ఆ ముగ్గురి బస్సు చార్జీలు, భోజనం ఖర్చు మొదటి ఏడాదికి నేను పెట్టుకుంటాను. డబ్బు ఈ కవరులో ఉంది, కార్యదర్శి గారు వచ్చి తీసుకోవాలి.